అంబాసిడర్ వెనుక యాక్సిల్ పని డైరీ: క్రౌన్–పినియన్ జతను గుర్తించడం, తిరిగి కూర్చడం

బండి 1976 నాటి అంబాసిడర్ మార్క్ 3, ఇంజను 1489 సీసీ పెట్రోలు. గంటకు 40 నుంచి 55 కిలోమీటర్ల మధ్య, యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నంతసేపూ వెనుక యాక్సిల్ సన్నగా ఊళ పెడుతోంది. కాలు తీసిన క్షణాన కింద టక్కుమని ఒక దెబ్బ వినిపిస్తోంది. ఇదే యాక్సిల్ విప్పబోయేవారికి ఉపయోగపడతాయన్న ఉద్దేశంతో కొలతలనూ, మార్చిన ప్రతి వస్తువునూ, మార్చడానికి గల కారణాన్నీ వరుసగా రాస్తున్నాను. వేరే చెప్పని చోట కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి.

అంబాసిడర్‌కు మూలం బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కాబట్టి, దీని వెనుక యాక్సిల్ కూడా ఆనాటి బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బళ్ల యాక్సిళ్ల కుటుంబానికే చెందుతుంది. ఇందులోని క్రౌన్ (చక్రాలను తిప్పే పెద్ద గేరు), పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్టు వైపు నుంచి దాన్ని తిప్పే చిన్న గేరు) హైపాయిడ్ రకం, అంటే పినియన్ అక్షం క్రౌన్ కేంద్రానికి సూటిగా కాకుండా కొంత కిందుగా ఉంటుంది. అందువల్ల పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాక పొడవునా జారుతాయి కూడా. ఈ జారుడు వల్లనే సరైన ఆయిలు, పినియన్ సరైన లోతు రెండూ ఈ రకానికి ప్రాణం.

దశ 1: విప్పకముందు తీసుకోవలసిన కొలతలు

శబ్దం ఎక్కడిదో తేలకుండా యాక్సిల్ విప్పడం దండగ. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు మరో రకంగా మారే ఊళ సాధారణంగా క్రౌన్–పినియన్ పళ్లది. కాలితో సంబంధం లేకుండా వేగాన్ని బట్టి మాత్రమే పెరుగుతూ, మలుపుల్లో హెచ్చుతగ్గులయ్యే హోరు హబ్బు బేరింగుది. మా బండిలో మొదటి రకం స్పష్టంగా ఉంది. అది ఎంత పెద్దగా ఉందంటే, దాని మాటున రెండో రకం ఉన్నా వినిపించే వీలు లేదు.

తరువాతి పని నిష్పత్తి, అంటే క్రౌన్ ఒక చుట్టు తిరగడానికి పినియన్ ఎన్ని చుట్లు తిరగాలో, తేల్చుకోవడం. దీనికి యాక్సిల్ విప్పనక్కరలేదు.

1. గేరును న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనుక చక్రాన్ని మాత్రమే జాకీ మీద లేపాలి. రెండోది నేల మీదే ఉండాలి, ముందు చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టాలి.
2. టైరు మీదా, పినియన్ ఫ్లాంజి (ప్రొపెల్లర్ షాఫ్టును బిగించే బిళ్ల) మీదా సుద్దతో గీతలు పెట్టాలి.
3. లేపిన చక్రాన్ని 20 చుట్లు తిప్పాలి. ఒకరు కింద కూర్చుని ఫ్లాంజి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించాలి.
4. ఒక చక్రం నేల మీద కదలకుండా ఉన్నందున క్రౌన్ సగమే తిరుగుతుంది. అంటే చక్రం 20 చుట్లకు క్రౌన్ 10 చుట్లు.
5. ఫ్లాంజి చుట్లను 10తో భాగిస్తే నిష్పత్తి వస్తుంది.

చాలామంది చక్రాన్ని రెండే చుట్లు తిప్పి ‘నాలుగున్నర’ అని తేల్చేస్తారు. ఆ పద్ధతిలో 4.55కూ 4.3కూ తేడా తేలిగ్గా తప్పిపోతుంది. 20 చుట్లు తిప్పినప్పుడు రావలసిన లెక్కలు ఇవి: పినియన్‌కు 8, క్రౌన్‌కు 39 పళ్లుంటే 48.75 చుట్లు, 9కి 41 అయితే 45.56, 10కి 43 అయితే 43, 10కి 41 అయితే 41, 11కి 43 అయితే 39.1. ఇవన్నీ ఈ కుటుంబంలో నిజంగా ఉన్న జతలే. ఎం.జి. మాగ్నెట్ జెడ్.ఎ.లో 8/39, జెడ్.బి.లో 9/41, ఎం.జి.ఎ.లో 10/43, ఎం.జి.ఎ. 1600 మార్క్ 2లో 10/41, ఎం.జి.బి.లో 11/43 ఉండేవి. క్రౌన్ మీద 41 పళ్లుండే జతలు రెండు ఉన్నాయన్నదీ, 43 పళ్లుండేవీ రెండు ఉన్నాయన్నదీ ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. తరువాత ఆటోనగర్‌లో ఇది అవసరపడింది.

మా బండికి 45 చుట్లు దాటి మరో సగానికి కాస్త ఎక్కువ వచ్చింది. అంటే 9/41, నిష్పత్తి 4.556.

రెండో ఆధారంగా వేగం లెక్క కూడా చూశాను. బండిలో మనుషులు కూర్చుని ఉండగా టైరు మీద గీత పెట్టి ఒక చుట్టు నడిపిస్తే 2.03 మీటర్లు వచ్చింది. టాప్ గేరులో ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరిగితే 4.556 నిష్పత్తికి గంటకు 26.7 కిలోమీటర్ల వేగం రావాలి. ఫోనులోని జి.పి.ఎస్. చూపిన వేగానికీ స్పీడోమీటరుకూ మధ్య తేడా చెప్పుకోదగ్గంతగా లేదు. అంబాసిడర్‌లో స్పీడోమీటరు కేబుల్ గేరుబాక్సు నుంచి వస్తుంది కాబట్టి, ఎవరైనా మధ్యలో వేరే నిష్పత్తి యాక్సిల్ వేసి ఉంటే ఆ తేడా ఇక్కడ బయటపడేది.

చివరిగా, చక్రాలు నేల మీద ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఫ్లాంజిని చేతితో అటూ ఇటూ ఆడించి చూస్తే అంచు దగ్గర 7 మి.మీ. ప్లే (వదులు కదలిక) ఉంది. ఇది క్రౌన్–పినియన్ ఒక్కదానిదే కాదు. స్టార్ పినియన్ల (మలుపుల్లో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్ల) ప్లే, యాక్సిల్ షాఫ్టుల గాడుల ప్లే కూడా ఇందులో కలిసి ఉంటాయి.

ఖర్చు: మాగ్నెట్ స్టాండుతో డయల్ గేజ్ ₹2,400, పళ్ల ముద్రకు రంగు ₹180. ఇప్పటిదాకా మొత్తం ₹2,580.

దశ 2: విప్పడం

1. ఆయిలు వేడిగా ఉండగానే దించాలి.
2. ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజికీ పినియన్ ఫ్లాంజికీ ఒకే వరుసలో పంచ్ గుర్తులు పెట్టి విడదీయాలి.
3. డ్రమ్ములు తీసి, యాక్సిల్ షాఫ్టులను డిఫరెన్షియల్ లోంచి విడివడేదాకా బయటికి లాగాలి.
4. క్యారియర్ (క్రౌన్–పినియన్‌ను మోసే భాగం) చుట్టూ ఉన్న నట్లు తీసి, కింద జాకీ ఆనించి, క్యారియర్‌ను ముందు వైపుకు లాగాలి. బరువు తక్కువేమీ కాదు, ఒక్కరే పడుకుని చేతుల్లోకి దించుకోవద్దు.

దించిన ఆయిల్లో ఇనుప పొడి మామూలుగానే ఉంది. దానితో పాటు ఇత్తడి రంగు రేణువులు మెరుస్తున్నాయి. అవి స్టార్ పినియన్ల వెనుక ఉండే థ్రస్ట్ వాషర్లవి.

క్యారియర్‌ను వైస్‌లో బిగించాక, ఒక్క నట్టు కూడా వదులు చేయకముందే డయల్ గేజ్ పెట్టాను. గేజ్ మొనను క్రౌన్ పన్ను బయటి కొస దగ్గర, పన్ను ముఖానికి లంబంగా ఆనించి, పినియన్‌ను కదలకుండా పట్టుకుని క్రౌన్‌ను ఆడిస్తే బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ల మధ్య ఉండే సందు) తెలుస్తుంది. చుట్టూ వేర్వేరు చోట్ల తీసిన రీడింగుల్లో కనిష్ఠం 0.52, గరిష్ఠం 0.71. అరుగుదల ఒక్కటే కారణమైతే చుట్టూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. 0.19 తేడా ఉందంటే క్రౌన్ వంకరగా తిరుగుతోందన్నమాట. క్రౌన్ వీపు మీద గేజ్ పెట్టి తిప్పితే 0.14 వంకర కనిపించింది. ఇది 0.05 దాటకూడదు.

బేరింగు క్యాపులు కుడి ఎడమలు మారకూడదు. వాటిని క్యారియర్‌తో కలిపే బోరు చేసి ఉంటారు. కుడి క్యాపుకు ఒక పంచ్ చుక్క, ఎడమ క్యాపుకు రెండు చుక్కలు పెట్టి, ఆ తరువాతే తీశాను.

దశ 3: పళ్లు సరే, జత ఏది?

ఒక పన్నుకు తెల్ల రంగు పూసి లెక్కపెడితే క్రౌన్‌కు 41, పినియన్‌కు 9. నిష్పత్తి లెక్క నిజమే. ఇక్కడితో గుర్తింపు అయిపోయిందనుకుంటే అసలు జబ్బు దొరికేది కాదు.

క్రౌన్ వీపు మీదా, పినియన్ తల ముఖం మీదా జత సంఖ్య చెక్కి ఉంటుంది. కిరోసిన్‌తో కడిగి, వైరు బ్రష్షు జోలికి పోకుండా మెత్తటి గుడ్డతో తుడిచి, పక్క నుంచి టార్చి వేస్తే అంకెలు బయటపడ్డాయి. క్రౌన్ సంఖ్య చివర 17 ఉంది, పినియన్ సంఖ్య చివర 62 ఉంది. రెండూ రెండు వేర్వేరు జతలకు చెందిన ముక్కలు. వెనకటి యజమానుల కాలంలో ఏదో ఒక మరమ్మతులో, ఒక జతలోని పినియన్ పాడైతే మరో జతలోని పినియన్ తెచ్చి వేసి ఉంటారు. పళ్ల సంఖ్య సరిపోయింది కాబట్టి బండి నడిచింది, కానీ ఊళ మాత్రం మిగిలిపోయింది.

జత విడదీయకూడదనడానికి కారణం తయారీలోనే ఉంది. పళ్లు కోసి, పైపొర గట్టిపరచిన తరువాత క్రౌన్‌నూ పినియన్‌నూ కలిపి రాపిడి మందుతో తిప్పుతారు. వేడి చికిత్సలో ప్రతి ముక్కా కొద్దికొద్దిగా వంగుతుంది. ఆ వంపులను ఒకదానికొకటి సరిపుచ్చే పని ఇది. 9కీ 41కీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు గనుక పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పన్నునూ కలుసుకుంటుంది. ఒక ఆవృత్తి పూర్తి కావడానికి క్రౌన్ 9 చుట్లు, పినియన్ 41 చుట్లు తిరగాలి. ఆ విధంగా మొత్తం జత ఒకే తీరుగా కుదురుకుంటుంది. వేరే జత నుంచి వచ్చిన పినియన్ ఆ కుదురును పాడుచేస్తుంది. కొత్తగా కుదురుకోవాలంటే గట్టి పైపొర అరిగిపోవాలి, అప్పటికి పన్ను పనికి రాకుండా పోతుంది. మా క్రౌన్ మీద అదే కనిపించింది: ముందుకు లాగే వైపు పళ్ల బయటి కొసన వెంట్రుక మందాన మెట్టు, దాని పక్కనే సూది పోట్లంత గుంటలు.

క్రౌన్‌ను విప్పి చూస్తే వంకర తిరగడానికి కారణం కూడా తెలిసింది. క్రౌన్ కూర్చునే కేజ్ అంచు మీద, ఒక బోల్టు రంధ్రం పక్కన సుత్తి దెబ్బ వల్ల లేచిన చిన్న బొడిపె ఉంది. దాన్ని నూనె రాయితో రుద్ది చదును చేశాను. ఇక్కడ ఆకురాయి వాడకూడదు. బొడిపెతో పాటు అంచునూ తినేస్తుంది.

దశ 4: ఆటోనగర్‌లో వెతుకులాట

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్ సామాను ఇంకా దొరుకుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయినా, టాక్సీలుగా తిరిగిన బళ్లు విప్పిన భాగాలు చాలా దుకాణాల్లో మిగిలి ఉన్నాయి. వెతుకుతున్నప్పుడు మూడు రకాల సరుకు ఎదురైంది.

మొదటిది, పినియన్ లేని ఒంటరి క్రౌన్. పళ్లు 41. దుకాణదారు, “నలభై ఒకటే కదండీ, కళ్లు మూసుకుని వేసేయండి సార్” అన్నాడు. 41 పళ్ల క్రౌన్ 9 పళ్ల పినియన్‌కే కాక 10 పళ్ల పినియన్‌కూ ఉంటుంది. రెంటికీ పన్ను కోత ఒకటి కాదు. పైగా జత లేని క్రౌన్‌తో మళ్లీ పాత కథే మొదలవుతుంది. తీసుకోలేదు.

రెండోది, మొత్తం క్యారియర్. క్రౌన్ బయటికి కనిపిస్తుంది కాబట్టి దాని మీద గీత పెట్టి, ఒక్క చుట్టు పూర్తయ్యేదాకా ఫ్లాంజిని తిప్పితే ఐదు చుట్లకు అరపావు తక్కువగా ఆగింది. అంటే 8/39, నిష్పత్తి 4.875. జత సంఖ్యలు కలిశాయి, పళ్లు కూడా బాగున్నాయి. ధర నోరూరించేలా ఉంది. అయినా వద్దనుకోవడానికి లెక్కే కారణం. ఈ నిష్పత్తికి 1000 చుట్లకు వచ్చే వేగం 25 కిలోమీటర్లే. గంటకు 60 వేగంలో ఇంజను 2,245 చుట్లకు బదులు సుమారు 2,400 తిరగాలి, స్పీడోమీటరు అసలు వేగం కన్నా 7 శాతం ఎక్కువ చూపుతుంది. బరువులు మోసే బండికి ఇది మేలే చేస్తుంది. మాది కుటుంబంతో హైవే మీద తిరిగే బండి.

మూడోది పెట్టెలో, మైనపు కాగితం విప్పని పాత నిల్వ జత. 9/41. కాగితం విప్పించి, రెండు ముక్కల మీదా జత సంఖ్య ఒకటేనని చూసి, పాత క్రౌన్‌ను పక్కన పెట్టి బోల్టు రంధ్రాలూ లోపలి వ్యాసమూ సరిపోల్చి, పినియన్ గాడులను మా ఫ్లాంజిలో దూర్చి చూసి కొన్నాను. క్రౌన్ వీపు మీద ఉండవలసిన బ్యాక్‌లాష్ కూడా చెక్కి ఉంది: 0.006 అంగుళం, అంటే 0.15.

ఖర్చు: జత ₹7,200; పినియన్ బేరింగులు రెండు ₹2,100; డిఫరెన్షియల్ బేరింగులు రెండు ₹1,900; స్టార్ పినియన్ థ్రస్ట్ వాషర్లు ₹320. ఇప్పటిదాకా మొత్తం ₹14,100.

దశ 5: పినియన్ బిగువు

ఈ యాక్సిల్‌లో పినియన్‌కు సంబంధించి రెండు వేర్వేరు సర్దుబాట్లున్నాయి. వాటిని కలగాపులగం చేయకూడదు. పినియన్ తలకూ వెనుక బేరింగుకూ మధ్య ఉండే దళసరి వాషర్ పినియన్ లోతును నిర్ణయిస్తుంది. రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం, దాని మీది షిమ్ములు (సందు సర్దే పలుచటి రేకులు) బేరింగుల బిగువును నిర్ణయిస్తాయి. వాషర్ మార్చినా బిగువు మారదు, షిమ్ము మార్చినా లోతు మారదు. కనుక ముందు బిగువును ఒక దారికి తెచ్చుకుని, ఆ తరువాత లోతు జోలికి వెళ్లవచ్చు.

వాషర్ మార్చిన ప్రతిసారీ పినియన్ మీద బిర్రుగా ఎక్కిన వెనుక బేరింగును పుల్లర్‌తో లాగాలి. కొత్త బేరింగును ఇలా పదేపదే లాగితే చెడిపోతుంది. అందుకని పాత వెనుక బేరింగు లోపలి రింగును లేతు దగ్గర చేతితో జారేంత వదులు చేయించాను. గట్టిపడిన ఉక్కు కావడం వల్ల మామూలు టూలు దిగదు, గ్రైండు చేయవలసిందే. సర్దుబాట్లన్నీ ఈ పాత బేరింగుతో చేసి, చివరికి కొత్తది ఎక్కించవచ్చు. అయితే పాతదీ కొత్తదీ మొత్తం ఎత్తులో ఎంత తేడా ఉన్నాయో ముందే కొలవాలి. సమతలమైన పలక మీద రెంటినీ ఒకే బరువు కింద తిప్పుతూ డయల్ గేజ్‌తో చూస్తే, కొత్తది 0.02 ఎక్కువ ఎత్తు ఉంది. ఈ అంకె చివర్లో అవసరపడుతుంది.

బిగువును కొలవడానికి నేను వాడిన పద్ధతి:

1. ఆయిల్ సీలు లేకుండా పినియన్ కూర్చి, నట్టును 19 కేజీ-మీటర్లకు బిగించాలి.
2. పినియన్ నిలువుగా ఉండేలా క్యారియర్‌ను వైస్‌లో పట్టించాలి.
3. ఫ్లాంజికి ఇనుప పట్టీ ఒకటి బిగించి, కేంద్రం నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో స్ప్రింగు త్రాసు కొక్కెం తగిలించాలి.
4. పట్టీ ఒకే వేగంతో తిరుగుతుండగా చూపే బరువు రాసుకోవాలి. కదలడం మొదలైనప్పటి బరువు పనికిరాదు.

కొత్త బేరింగులకు 12.5 నుంచి 15 కేజీ-సెంటీమీటర్ల బిగువు రావాలి. అంటే 30 సెంటీమీటర్ల దగ్గర 420 నుంచి 500 గ్రాములు. పాత షిమ్ములతో 900 గ్రాములు వచ్చింది. అదే బిగువుతో నడిపితే బేరింగు నీలిరంగు తేలేంత వేడెక్కుతుంది. 0.05 షిమ్ము చేర్చితే 640, మరో 0.03 చేర్చితే 470 వచ్చింది. షిమ్ము చేర్చితే బిగువు తగ్గుతుందన్నది మొదట్లో తలకిందులుగా అనిపిస్తుంది. లోపలి రింగులు రెండూ దూరం జరుగుతాయి కనుక అలా జరుగుతుంది.

ఖర్చు: షిమ్ము రేకులు ₹250, బేరింగు గ్రైండింగు, ప్రెస్ పని ₹900. ఇప్పటిదాకా మొత్తం ₹15,250.

దశ 6: లోతు, బ్యాక్‌లాష్, పళ్ల ముద్ర

కంపెనీ వర్క్‌షాపుల్లో పినియన్ లోతు కొలవడానికి నమూనా పినియన్‌తో కూడిన ప్రత్యేక సాధనం ఉండేది. అది మనకు దొరకదు కాబట్టి, పాత వాషర్‌తో మొదలుపెట్టి పళ్ల మీద పడే ముద్రను చూసి సరిదిద్దుకోవాలి. పాత వాషర్ మందం 5.38.

డిఫరెన్షియల్ బేరింగులను కేజ్ మీదికి ఎక్కించేటప్పుడు, థ్రస్ట్ అని చెక్కిన ముఖం రెండు వైపులా బయటికే ఉండాలి. తిరగేసి ఎక్కించినా కూర్చుంటాయి, కానీ పక్కబరువు మోయవు. క్రౌన్ బోల్టులను కొత్త లాక్ రేకులతో 8 కేజీ-మీటర్లకు ఎదురెదురుగా బిగించి, వంకర మళ్లీ చూస్తే 0.03 ఉంది. బొడిపె తీసినందుకు ఫలితం దక్కింది.

మొదటి కూర్పులో బ్యాక్‌లాష్ 0.31 వచ్చింది. కావలసింది 0.15. డిఫరెన్షియల్‌కు ఒక వైపు నుంచి రెండో వైపుకు ఎంత షిమ్ము మారిస్తే, బ్యాక్‌లాష్ దాదాపు అంతే మారుతుంది. 0.15 షిమ్మును ఒక వైపు తీసి రెండో వైపు చేర్చి, క్రౌన్‌ను పినియన్ దగ్గరికి జరిపితే 0.16 వచ్చింది. తీసిన షిమ్మును రెండో వైపు తప్పక చేర్చాలి, లేకపోతే బేరింగుల పక్కబిగువు పోతుంది.

ఇక ముద్ర. ప్రష్యన్ బ్లూ నల్లటి పళ్ల మీద సరిగా కనబడలేదు. పసుపు రంగు ఆయిల్ పెయింటును కాస్త గ్రీజుతో కలిపి, క్రౌన్ చుట్టూ మూడు చోట్ల, చోటుకు ఆరేసి పళ్లకు పలచగా పూశాను. క్రౌన్‌కు చెక్క ముక్క ఆనించి బ్రేకు వేసినట్లు నొక్కుతూ పినియన్‌ను తిప్పాలి. బరువు లేకుండా తిప్పితే పడే ముద్ర నిజం చెప్పదు. ఆ తరువాత వెనక్కూ తిప్పి, పన్నుకు రెండు వైపులా చూడాలి.

5.38 వాషర్‌తో పడిన ముద్ర పన్ను శిఖరం దగ్గర సన్నటి చారలా ఉంది. ముందుకు లాగే వైపు అది బయటి కొసకూ, వెనక్కి లాగే వైపు లోపలి కొసకూ జరిగి ఉంది. పినియన్ క్రౌన్‌కు దూరంగా ఉందని దీని అర్థం. పినియన్‌ను లోపలికి పంపాలి, అంటే వాషర్ మందం పెంచాలి.

కొత్త వాషర్లు గ్రైండు చేయిస్తే మొదటిది ఒక పక్క 5.48, ఎదుటి పక్క 5.51 వచ్చింది. అది గ్రైండరు మాగ్నెట్ మీద మురికి ఉన్నందువల్ల వచ్చిన తేడా. 0.03 వాలు చిన్నదిగా కనిపించవచ్చు, కానీ దాని మీద కూర్చున్న బేరింగు పక్కకు ఒరిగి తిరుగుతుంది. దాన్ని పక్కన పెట్టేశాను. వాషర్ తెచ్చుకునేటప్పుడు మైక్రోమీటరు వెంట తీసుకెళ్లి, చుట్టూ నాలుగు చోట్ల కొలిచి మరీ డబ్బు ఇవ్వడం మంచిది.

సరిగా వచ్చిన 5.48 వాషర్ వేస్తే బ్యాక్‌లాష్ మళ్లీ తగ్గింది. దాన్ని షిమ్ములతో 0.15కు తెచ్చాకే రంగు పూశాను. ఈసారి ముద్ర పన్ను మొదలు వైపుకు దిగింది. ముందుకు లాగే వైపు లోపలి కొసకు, వెనక్కి లాగే వైపు బయటి కొసకు జరిగింది. పినియన్ కాస్త ఎక్కువ లోపలికి పోయింది. శిఖరం దగ్గర ఎంత ఎత్తున ఉండేదో, మొదలు దగ్గర అంత కిందికి దిగలేదు కనుక, మధ్య మందం కాకుండా 5.44 అయితే సరిపోతుందని అంచనా వేశాను.

5.44తో ముద్ర పన్ను ఎత్తులో మధ్యన, పొడవులో మధ్య నుంచి లోపలి కొస వైపు కొద్దిగా ఒరిగి, కోడిగుడ్డు ఆకారంలో పడింది. సరిగ్గా మధ్యలో ఉండాలని ఇంకా సర్దవలసిన పని లేదు. బండి బరువు లాగేటప్పుడు క్యారియర్, బేరింగులు కొద్దిగా సాగి ముద్ర బయటి కొస వైపు వ్యాపిస్తుంది. ఖాళీగా తిప్పినప్పుడే మధ్యలో ఉన్న ముద్ర, రోడ్డు మీద బయటి అంచుకు పోతుంది.

ఇప్పుడు 0.02 అంకె పనికొచ్చింది. కొత్త బేరింగు ఎత్తు ఎక్కువ కాబట్టి పినియన్‌ను అంత మేర లోపలికి తోస్తుంది. అందువల్ల వాషర్‌ను గాజు పలక మీద పరచిన సన్న ఎమరీ కాగితంపై ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది 5.42కు దించాను. కొత్త బేరింగులు ప్రెస్ చేయించి పూర్తిగా కూర్చాక కొలతలు ఇలా ఉన్నాయి: వాషర్ 5.42, పినియన్ బిగువు 30 సెంటీమీటర్ల దగ్గర 460 గ్రాములు, బ్యాక్‌లాష్ చుట్టూ 0.14 నుంచి 0.17, ముద్ర 5.44 నాటిదే.

ఖర్చు: వాషర్లు ₹400. ఇప్పటిదాకా మొత్తం ₹15,650.

దశ 7: సీలు, జాయింటు, ఆయిలు

పినియన్ ఫ్లాంజి మెడ మీద పాత సీలు పెదవి తిరిగిన చోట వేలిగోరుకు తగిలేంత గాడి పడింది. ఆ గాడి మీదే కొత్త సీలు తిరిగితే కొద్ది రోజుల్లోనే కారుతుంది. మెడను మెటల్ స్ప్రేతో నింపించే బదులు, సీలును దాని గూటిలో 2 మి.మీ. తక్కువ లోతుకు కొట్టి ఆపాను. పెదవి ఇప్పుడు గాడికి పక్కన, నునుపైన చోట తిరుగుతుంది. ఇలా చేసేముందు సీలు వెలుపలి అంచు ఫ్లాంజికి రాసుకోవడం లేదని చూసుకోవాలి.

క్యారియర్ జాయింటుకు కాగితపు గ్యాస్కెట్టు చాలు. సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే లోపలికి ఊడిపడిన ముక్కలు ఆయిల్లో తిరుగుతాయి. ఆయిలు హైపాయిడ్ గేర్లకని డబ్బా మీద రాసి ఉన్న ఇ.పి. 90 రకమే వాడాలి. పళ్లు జారే చోట పొరను నిలబెట్టే రసాయనాలు మామూలు గేరు ఆయిల్లో అంతగా ఉండవు. లెవెల్ ప్లగ్ రంధ్రం నుంచి పొర్లేదాకా పోసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ చూడాలి. ఆయిలు యాక్సిల్ గొట్టాల్లోకి పోయేసరికి మట్టం తగ్గుతుంది.

ఖర్చు: సీలు, గ్యాస్కెట్టు, లాక్ రేకులు ₹420, ఆయిలు ₹900. ఇప్పటిదాకా మొత్తం ₹16,970.

దశ 8: రోడ్డు మీద

మచిలీపట్నం రోడ్డులో కంకిపాడు దాటాక ఉయ్యూరు వైపు గంటకు 50కి మించకుండా, యాక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ నడిపాను. నీడలో 36 డిగ్రీలున్న రోజున, 15 కిలోమీటర్ల తరువాత పినియన్ బేరింగు దగ్గర క్యారియర్ ఉష్ణోగ్రత 71 డిగ్రీలు వచ్చింది. కొత్త బేరింగులకు ఇది ఆందోళన పడవలసిన వేడి కాదు. కుదురుకున్నాక అదే దూరానికి 58కి దిగింది. వేడి దిగకుండా పెరుగుతూ పోతే మాత్రం బిగువు ఎక్కువైందని అర్థం, వెంటనే ఆపేయాలి.

యాక్సిలరేటర్ తొక్కినప్పటి ఊళ పోయింది. వదిలినప్పుడు 48 దగ్గర చెవి పెట్టి వింటే తప్ప తెలియని సన్నటి ధ్వని మిగిలింది. ముద్రను ముందుకు లాగే వైపుకు అనుకూలంగా సర్దాను గనుక ఇంతవరకు సహించవచ్చు.

ఊళ పోయేసరికి, ఇంతకాలం దాని కింద దాగి ఉన్న హోరు బయటికి వినిపించింది. అది ఎడమ మలుపులో పెరుగుతోంది, కుడి మలుపులో తగ్గుతోంది. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీదికి పోతుంది కాబట్టి అది కుడి హబ్బు బేరింగు. తీసి చూస్తే బయటి రింగులో ఒక చోట బాతుగుడ్డు రంగు మచ్చ, దాని మధ్య పొర లేచిన గుంట కనిపించాయి. హబ్బు నట్టు విప్పేవారికి ఒక మాట: మా బండికి ఎడమ హబ్బు నట్టు ఎడమ మర (మామూలుకు వ్యతిరేక దిశలో విప్పేది), కుడిది మామూలు మర. తెలియకుండా పొడుగు పైపు వేసి తిప్పితే మర చెడుతుంది.

500 కిలోమీటర్ల తరువాత ఆయిలు మార్చాను. డ్రెయిన్ ప్లగ్‌కు అంటుకున్న పొడి వేళ్ల మధ్య నలిపితే మెత్తగా మసిలా ఉంది, గుచ్చుకునే రేణువేదీ లేదు. ఇత్తడి మెరుపు కనబడలేదు. ఫ్లాంజి అంచు ప్లే 7 నుంచి 3కు దిగింది. మిగిలినది యాక్సిల్ షాఫ్టు గాడులది. దాన్ని ఈ పనిలో ముట్టుకోలేదు. పినియన్ సీలు పొడిగా ఉంది.

పాత క్రౌన్‌నూ పినియన్‌నూ తుక్కుకు వేసేముందు, రెండింటిలోనూ ఒక్కో పన్నును గ్రైండరుతో సగానికి కోశాను. లేకపోతే అవి మళ్లీ కడిగి, రంగు వేసి, ఎవరికో ఒకరికి సరైన పళ్ల సంఖ్యతో అమ్ముడుపోతాయి.

ఖర్చు: కుడి హబ్బు బేరింగు, సీలు ₹1,150, రెండోసారి ఆయిలు ₹900. పనిముట్లతో కలిపి మొత్తం ₹19,020. ఎడమ హబ్బు సీలు దగ్గర లీలగా చెమ్మ ఉంది. బ్రేకు లైనింగు తడవకముందే దాన్ని మార్చాలి.